గుటుక్కున మింగావా? గుటుక్కుమన్నావా?

నల్లంచి: బడి తోటలో ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా పిట్టలకు మేత పెడుతున్నారు. పైన వరి కుచ్చు, పక్కన కొమ్మకు గుచ్చిన జామపండు, కుచ్చు కిందే నీళ్ల మూకుడు. అక్కడ పెట్టే బోర్డు మీద ‘చిట్టి చిలకమ్మా’ ఆఖరి పాదం రాయాలనుకుంటే ఇద్దరు టీచర్లు రెండు రకాలుగా చెప్పారు. ‘గుటుక్కున మింగావా’ అని ఒకరు, ‘గుటుక్కుమన్నావా’ అని ఒకరు. ఏది సరైన పాఠం?

యతిప్రాస: రెండోది రాయకండి. గుటుక్కుమనడం అంటే ప్రాణం పోవడం. ఏ అమ్మమ్మా పసిపిల్లను ఆ మాట అడగదు.

తాటాకు: అడక్కేం, మా వైపు అలాగే అంటారు. ‘మాత్ర వేసుకుని గుటుక్కుమనిపించాడు’ అంటే చచ్చాడనా అర్థం? గుటక వేసిన చప్పుడది. పైగా ‘మింగావా’ అన్నాక ఇక ‘గుటుక్కున’ దేనికి?

యతిప్రాస: గబుక్కున లేచాడు, చటుక్కున పట్టాడు. వీటికీ ‘దేనికి’ అంటారా మాస్టారూ?

పికిలి: మీ రెండు పాఠాల్లోనూ చిలుక లేదు. రామచిలుక పండును మింగదు. కాలి వేళ్లు ముందుకు రెండు, వెనక్కి రెండు ఉంటాయి కనక పండు ముక్కను ఒక కాలితో పట్టుకుని నోటిదాకా ఎత్తుకుంటుంది. జామపండైతే దాని గురి గింజల మీద. గుజ్జు సగానికి సగం కింద రాలుస్తుంది. వరి వెన్నును కూడా కొరికి, కాలితో పట్టుకుని ఒక్కో గింజా ఒలుచుకుంటుంది. గుటుక్కున మింగేది కోయిల, కంసాలిపిట్ట. మర్రిపళ్లు, వేపపళ్లు అలాగే లోపలికి పంపి, వేపగింజను తర్వాత కక్కేస్తాయి. చిలకమ్మను ఈ మాట అడగడం అన్యాయం.

యతిప్రాస: పిల్లల పాటకు పక్షిశాస్త్రం పరీక్ష పెట్టారన్నమాట.

కృష్ణొడ్డు: ‘గుటుక్కు’ సంగతి సరే, అసలు ముడి ‘గూట్లో’ దగ్గరుంది. అందరూ పక్షిగూడు అనుకుంటున్నారు. చిలుక గూడు కట్టదు, చెట్టుతొర్రలో గుడ్లు పెడుతుంది. ఇక్కడి గూడు గోడలోది. ‘గూట్లో దీపం, నోట్లో ముద్ద’ అన్న గూడే ఇదీ. చిలకమ్మ అంటే పిట్ట కాదు, ఇంటి పిల్ల. తోటకెళ్లి పండు తెచ్చి, దీపపుగూట్లో దాచి, ఎవరూ చూడకుండా మింగేసింది. అమ్మ కొట్టింది అందుకే.

తాటాకు: ఆ లెక్కన పాట వెనక నుంచి ముందుకు నడవాలి. కొట్టిన మాట మొదట్లోనే ఉందిగా?

కృష్ణొడ్డు: ఏడుస్తున్న పిల్లను పలకరించేటప్పుడు ముందు దెబ్బ గురించే అడుగుతారు, కారణం తర్వాత రాబడతారు. వరస సరిగ్గానే ఉంది.

పికిలి: గోడగూడు అయితే నాకూ సమ్మతమే. చిలుక తిండి దాచుకోదు. పిల్లలకు కూడా పండు మోసుకురాదు, తిన్నదాన్ని కక్కి నోట్లో పెడుతుంది.

యతిప్రాస: కవులకు పిట్టలు తెలియవని తేల్చేసేలోపు ఆముక్తమాల్యద తెరవండి. విల్లిపుత్తూరు వర్ణనలో ‘తలఁ బక్షచ్ఛటఁ గ్రుక్కి బాతువులు’. పొలం కాలవలో నిద్రపోతున్న బాతుల్ని చూసి, తెల్లవారుజామున స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి వదిలేసి పోయిన బట్టలనుకుని ఆరెకులు, అంటే ఊరి కావలివాళ్లు, రేవులోకి దిగుతారు. బాతులు పరుగెడతాయి, చేను కాసే పడుచులు నవ్వుతారు. రాయలవారు చూడకుండా రాసిన పద్యమా అది?

పికిలి: చూశారు, కానీ దూరం నుంచి. బాతు తలను రెక్క కింద పెట్టదు. మెడ వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో దూర్చుకుంటుంది.

యతిప్రాస: ‘పక్షచ్ఛట’ అన్నారు, ‘పక్షం కింద’ అనలేదు. ఛట అంటే సమూహం. ఈకల గుంపులోకి క్రుక్కిందనే అర్థం. మెడ కనిపించకుండా ముద్దగా ఉంటేనే పిండిన బట్టతో పోలిక కుదురుతుంది. ‘గ్రుక్కి’ అన్న ఒక్క మాట చాలు.

కృష్ణొడ్డు: పక్షానికి ఈక అనే అర్థం లాక్కురావడం మీకే చెల్లింది.

తాటాకు: నల్లంచిగారూ, బోర్డు కన్నా ముందు ఆ మూకుడు జరపండి. కుచ్చు కింద ఉంటే ఊక, రెట్టలు నీళ్లలో పడతాయి. ఆరేడు అడుగులు ఎడంగా, పిల్లి దాక్కునే పొద లేని చోట పెట్టాలి. నీళ్లు రెండంగుళాలకు మించకుండా పోసి, పిచ్చుక నిలబడటానికి మధ్యలో గరుకు రాయి వేయాలి. రోజూ పారబోసి కొబ్బరి పీచుతో తోమితే చాలు, సబ్బు వద్దు.

నల్లంచి: జరిపిస్తాను. కుచ్చు రెండు రోజుల్లోనే జారి పడిపోయింది. చిలకలే తెంపాయంటున్నారు.

పికిలి: పచ్చి వెన్నులతో కట్టి ఉంటారు. కాడలు ఎండి సన్నబడితే కట్టు వదులవుతుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కాడలు విరగకుండా నీళ్లు చిలకరించి అల్లండి. కట్టు ఆరాక మళ్లీ ఒకసారి బిగించాలి. పురికొసను చిలకలు నిజంగానే కొరుకుతాయి, అందుకని పై కట్టు సన్న ఇనుప తీగతో వేసి కొసలు లోపలికి మడవండి. నైలాన్ దారం, పతంగుల మాంజా దగ్గరికి రానీయొద్దు, కాళ్లకు చుట్టుకుంటాయి. చూరు కింద వేలాడదీస్తే మంచుకు తడవదు. తడిసిన గింజ నల్లబడి బూజు పడుతుంది, ఆ కుచ్చు తీసేయాల్సిందే.

తాటాకు: వెన్నులు దొరక్కపోతే కొర్రలు, సజ్జలు పెట్టండి. విత్తనాల సంచిలో మిగిలిన వడ్లు మాత్రం వద్దు. రంగు పూసి ఉంటే అది విత్తనశుద్ధి మందు. నేల మీద చల్లితే పావురాలు దిగి పిచ్చుకను దగ్గరికి రానివ్వవు. వేలాడే కుచ్చును పావురం పట్టుకుని నిలవలేదు.

యతిప్రాస: ‘వెన్ను’ ఏమిటండీ, ‘ఎన్ను’ కదా?

కృష్ణొడ్డు: ఎన్నైనా వెన్నైనా కంకే. నిఘంటువులో రెండూ ఉన్నాయి.

యతిప్రాస: రెండూ ఉంటే ఉండనీండి, ముందుది ఏదో తేలాలిగా.

పికిలి: తేల్చుకుంటూ ఉండండి. నల్లంచిగారూ, రాలిన జామ గుజ్జు, ఊక చీకటి పడకముందే ఊడిపించండి. లేకపోతే రాత్రి ఎలుకలు చేరతాయి.