‘పిక్ అప్’ వంటి ఇంగ్లీషు క్రియల అర్థాన్ని ఎలా పోల్చుకోవాలి?

మారతహళ్లి ఉద్యోగి:
నమస్కారం. నేను తెలుగు మాధ్యమంలో చదువుకొని ప్రస్తుతం బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ‘క్యాబ్ విల్ పిక్ యూ అప్’ అంటే కారు వచ్చి ఎక్కించుకుంటుందని తెలుస్తుంది. అయితే ‘షీ పిక్డ్ అప్ కన్నడ’ అనీ, ‘సేల్స్ హావ్ పిక్డ్ అప్’ అనీ విన్నప్పుడు, ఎత్తడమనే అర్థమే ముందుగా తోచి, అసలు సంగతి అందకుండా పోతోంది. ఇలా క్రియకు ‘అప్’, ‘ఆఫ్’ వంటి చిన్న మాట చేరి ఏర్పడే ఫ్రేజల్ వెర్బ్స్ జాబితాలు బట్టీ పట్టాను గాని సంభాషణలో అవి అక్కరకు రావడం లేదు. వేరే పద్ధతి ఏదైనా ఉన్నదా?

జయనగర్ ఆంగ్ల బోధకురాలు:
ముందు కర్తను, కర్మను చూడండి. వాహనం కర్త, మనిషి కర్మ అయితే ఎక్కించుకోవడం. కర్మ భాష అయితే, పాఠాలు చెప్పించుకోకుండా నలుగురి మధ్య వింటూ నేర్చుకోవడం. కర్మ లేకుండా అమ్మకాలు కర్త అయితే పుంజుకోవడం. ‘గో ఆఫ్’ మరీ తికమక పెడుతుంది: కర్త అలారం అయితే మోగుతుంది, దీపం అయితే ఆరిపోతుంది, బాంబు అయితే పేలుతుంది, పాలు అయితే చెడిపోతాయి. జాబితాలో ఒకదాని కింద ఒకటిగా చదివితే ఇవి మనసుకు పట్టవు. ఒక్కో కర్తతో ఒక్కో వాక్యం రాసుకోండి.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు:
బోధకురాలు గారు చెప్పినది తెలుగుకూ వర్తిస్తుంది. ‘రహస్యం బయటపడింది’, ‘అతడు అప్పుల నుంచి బయటపడ్డాడు’ అన్నప్పుడు కర్తను బట్టే మనకు అర్థం తడుతుంది. ఇటువంటి క్రియలు పరభాషీయులకు ఎంతో కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే రాశారు కనుక, దీన్ని తెలుగు మాధ్యమం లోపంగా భావించవద్దు. వినేటప్పుడు మరొక చిక్కు ఉన్నది. ప్రతిపాదనను తిరస్కరించడానికి ‘టర్న్ డౌన్ ది ఆఫర్’, ‘టర్న్ ది ఆఫర్ డౌన్’ రెండూ సరైనవే, కానీ సర్వనామం వస్తే ‘టర్న్ ఇట్ డౌన్’ అని మాత్రమే అనాలి. ‘డౌన్’ చివరికి జరిగినప్పుడు, అది వినిపించేదాకా అర్థం నిర్ణయించుకోకూడదు.

మారతహళ్లి ఉద్యోగి:
ధన్యవాదాలు. అయితే ‘టేక్ ఆఫ్’కు కర్మ బూట్లయితే విప్పడం, శుక్రవారమైతే ఆ రోజు సెలవు పెట్టడం, కర్మ లేకుండా విమానం కర్త అయితే గాలిలోకి లేవడం. సరేనా?

జయనగర్ ఆంగ్ల బోధకురాలు:
సరిగ్గా పట్టుకున్నారు. కర్మ లేకుండా కొత్త యాప్ కర్త అయితే, అది త్వరగా జనాదరణ పొందిందని. మనిషి అయితే, ఉన్నట్టుండి వెళ్లిపోయాడని.