అప్‌డేట్: ఇత్తడి చెంబు మోత ఇప్పుడు కీబోర్డు మీద పలుకుతోంది

మా అమ్మమ్మ ఇత్తడి చెంబును గరిటెతో కొట్టి ఫోన్లో రికార్డు చేశాను. ఆ ఒక్క శబ్దంతో కీబోర్డు మీద పాట వాయించాలనుకుంటే ఏ కీ నొక్కినా శ్రుతి తప్పుతోందని అడిగాను కదా. సరిపోయింది!

తప్పు నాదే. శాంప్లర్ (రికార్డు చేసిన ఒక శబ్దాన్ని కీలన్నిటి మీదా పలికించేది) ఆ శబ్దాన్ని మధ్య సి, అంటే మిడి నంబర్ (ఒక్కో కీకి ఉండే అంకె) 60 అనుకుంటోంది. ట్యూనర్‌లో చూస్తే చెంబు అసలు మోత దాదాపు 452 హెర్ట్జ్. అంటే 440 హెర్ట్జ్ ఉండే ఎ స్వరానికి కాస్త పైన. రూట్ నోట్‌ను, అంటే రికార్డు చేసిన శబ్దం అసలు ఏ కీదో చెప్పే అంకెను, ఆ ఎ స్వరం నంబరైన 69కి మార్చి, ట్యూనింగ్ 47 సెంట్లు (పక్కపక్క కీల మధ్య తేడాలో నూరో వంతు ఒక సెంటు) తగ్గించాను. అంతే, హార్మోనియంతో కలిసిపోయింది. ట్యూనర్ ముల్లు మాత్రం నన్ను ఏడిపించింది. లోహపు మోతలో చాలా స్వరాలు కలిసి ఉంటాయి, కొట్టిన క్షణాన ఒకటి చూపించి తర్వాత ఇంకొకటి చూపిస్తుంది. ఆ మోత స్థిరపడ్డాక వచ్చిన అంకెనే తీసుకున్నాను.

లూప్ పెట్టమని, అంటే శబ్దంలో ఒక ముక్కను మళ్లీ మళ్లీ తిప్పమని, ఒకరు సలహా ఇచ్చారు. పెట్టి చూస్తే అలారంలా ఉంది, తీసేశాను. బదులుగా రిలీజ్ 1.5 సెకన్లు పెట్టాను, వేలు తీసినా మోత మెల్లగా ఆగుతుంది.

ఒక ఆక్టేవ్ (12 కీలు) పైకి వెళ్తే శాంప్లర్ శబ్దాన్ని రెట్టింపు వేగంతో వాయిస్తుంది కాబట్టి 4 సెకన్ల మోత 2 సెకన్లకు కుదించుకుపోతుంది. ఇంకా పైకి వెళ్తే గజ్జెల చప్పుడే. అందుకే 57 నుంచి 81 కీల వరకే ఉంచాను. ఇంకో రెండు స్వరాలకు వేరే గిన్నెలు వెతుకుతున్నాను, అమ్మమ్మ వంటింట్లోకి రానివ్వడం లేదు.