మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) పూడిపోతే రేవు ఎలా నిలబడుతుంది? మీ ఊళ్లో ఏం చేశారో చెప్పండి

గిలకలదిండి_కుర్రాడు:
మాది మచిలీపట్నం పక్కన గిలకలదిండి. మొగ దగ్గర ఇసుక మేట వేయడంతో పోటు ఉంటేనే బోటు బయటికి, పోటు ఉంటేనే లోపలికి. వేట ముగించుకుని చీకటితోనే మొగ దాకా వచ్చినా, పాటు (నీళ్లు తీసే వేళ) మీద ఉంటే నీళ్లు ఎక్కేదాకా లంగరేసుకుని కూర్చోవాల్సిందే. ఈలోగా ఐసు కరిగిపోతుంది, వేలం పాట అయిపోతుంది. తెల్లారకముందు పలికే రొయ్య ధర ఎండెక్కాక పలకదు కదా. తొందరపడి తోలితే బోటు అడుగు ఇసుకలో కూరుకుపోయి ప్రొపెల్లర్ దెబ్బతింటుంది. హార్బర్ పనుల్లో పూడికతీత, మొగకు గోడలు కూడా పెట్టారు. కానీ ఒక్కసారి తీస్తే సరిపోదని మా పెద్దవాళ్లు గట్టిగా అంటున్నారు. మీ దగ్గర అనుభవం ఏంటి?

ఉప్పాడ_తీరం:
మీ పెద్దవాళ్లు చెప్పింది నిజం తమ్ముడూ. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికే నడుస్తుంది. సముద్రంలోకి గోడ కడితే దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోసుకుపోతుంది. దానికి తోడు గోదావరి మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు చాలావరకు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. కాకినాడ పక్కన మా ఉప్పాడలో జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) గోడ వేశారు, రాళ్లు పోశారు. అయినా తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు దెబ్బతింటూనే ఉంది.

ఇళ్లు పోయాయని అందరూ రాస్తారు. పడవ లాక్కునే ఒడ్డు పోయిందని ఎవరూ రాయరు. రాళ్ల మీదికి ఫైబర్ పడవను ఎలా లాగుతాం? కెరటం ఎత్తి రాయికేసి కొడితే పగులు పడుతుంది, ఆ రోజు సంపాదన రిపేరుకే చాలదు. అందుకే గోడ అడిగేటప్పుడే పడవలు ఎక్కించుకునే దారి ఎక్కడ వదులుతారో కాగితం మీద చూపించమనండి. కట్టాక అడిగితే ఎవరూ వినరు.

విశాఖ_సరంగు:
మా దగ్గర ఔటర్ హార్బర్ గోడలు ఆపేసిన ఇసుకను పోర్టు వాళ్లు తవ్వి ఆర్కే బీచ్ వైపు పోయిస్తారు. ఇది దశాబ్దాలుగా నడుస్తున్న పని. ఒక్క సీజన్ మానేస్తే ఒడ్డు మీద తేడా కనపడిపోతుంది. మీరు కూడా పూడికతీతకు ఏటా డబ్బు ఎవరు పెడతారో ఇప్పుడే తేల్చుకోండి. జెట్టీ (బోట్లు ఆనించి కట్టే గట్టు) ప్రారంభానికి అందరూ వస్తారు, పూడికకు ఎవరూ రారు.

ఇంకో మాట. 2023 నవంబరు 19 రాత్రి మా ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచినప్పుడు పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. బోట్లన్నీ పక్కపక్కనే ఆనించి కట్టి ఉంటాయి, లోపల డీజిల్, వంట సిలిండర్లు. ఒకటి అంటుకుంటే పక్కదాన్ని విడదీయడానికి చోటే ఉండదు. మీ జెట్టీ పొడవు ఇప్పుడున్న బోట్లకు కాదు, రేపు రాబోయే బోట్లకు కూడా సరిపోవాలి.

నెత్తళ్ల_ఒడ్డు:
బోట్ల గురించే మాట్లాడుతున్నారు అన్నలూ, ఒడ్డున ఆడవాళ్ల సంగతి? భీమిలి వైపు మా ఊళ్లో నెత్తళ్లు, సావడాలు లాంటి చేపలు ఎండబెట్టుకునే ఇసుకలో నడక దారి, బెంచీలు వేశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు రోడ్డు వారన పట్టా పరిచి ఎండేస్తున్నాం. దుమ్ము పడుతుంది, కొనేవాడు దాన్ని చూపించి ధర తగ్గిస్తాడు. మబ్బు పడితే ఎత్తి దాచుకోవడానికి షెడ్డు కూడా లేదు. ఆ చోటు మాదని చూపించడానికి మా దగ్గర కాగితమే లేదు.

తీరం_పటం:
అక్కా, మీకు పనికొచ్చేది 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్. దాని ప్రకారం తయారయ్యే తీర నిర్వహణ ప్రణాళికలో మత్స్యకారుల ఉమ్మడి స్థలాలు, జెట్టీలు, ఐసు ఫ్యాక్టరీలు, చేపలు ఎండబెట్టే చోట్లు గుర్తించాలి. ముసాయిదా మీద జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంటుంది. పటంలో లేని చోటు అధికారుల కంటికి ఖాళీ స్థలమే. సంఘం తరఫున రాసి ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి.

గిలకలదిండి_కుర్రాడు:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అప్పుడు ఊరంతా కలిసి ఒడ్డు వెంట నడిచి రాసుకుంటాం. సర్వే నంబరు లేని ఇసుక నేలను ఎలా చూపించాలి?

తీరం_పటం:
నాలుగు మూలల దగ్గరా నిలబడి ఫోన్లో లొకేషన్ తీసుకోండి. పని జరుగుతున్నప్పుడే ఫొటోలు తీయండి, వలలు బాగుచేసేటప్పుడు, వేలం జరిగేటప్పుడు. పాత ఫొటోలు ఎవరింట్లో ఉన్నా జత చేయండి. నిషేధం రోజుల్లో ఒడ్డున బోట్లే తప్ప వేలం, చేపల పని కనపడవు కాబట్టి ఫొటోలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.