‘చేతిలో పెట్టడం’: ఎమాన్సిపేషన్‌కు తెలుగు మాట ఉందా?

అందరికీ నమస్కారం. చీమకుర్తి దగ్గర బడిలో తెలుగు చెబుతాను. బాల్య వివాహాల మీద పిల్లలకోసం చిన్న పుస్తకం రాస్తుంటే ‘ఎమాన్సిపేషన్’ దగ్గర కలం ఆగింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పెళ్లయినా, కోర్టు ఒప్పుకున్నా మైనరు తల్లిదండ్రుల అధికారం నుంచి బయటపడవచ్చు. దాని పేరు అది. ‘విముక్తి’ అని రాశాను గాని మనసొప్పలేదు. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి నోటుపుస్తకం అట్ట మూల మడుస్తూ, విప్పుతూ అడిగింది: “పెళ్లయితే ఇక మైనరు కాదు గదా సార్?” ఆ పిల్లకు తప్పు అర్థం ఇవ్వని మాట కావాలి.

కావలి నుంచి:
మాస్టారూ, పెళ్లయినా మైనరేనని ముందు ఆ అమ్మాయికి గట్టిగా చెప్పండి. మన చట్టంలో 18 నిండాల్సిందే. పైగా 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం పెళ్లయిన మైనరు బాలికకు సంరక్షకుడు భర్త. తండ్రి చేతిలోంచి భర్త చేతిలోకి!

చెయ్యి అని ఊరికే అనలేదు. లాటిన్‌లో ‘మనుస్’ చెయ్యి, ‘కాపెరె’ పట్టడం, ముందున్న ‘ఎ’ బయటికి. చేపట్టు నుంచి బయటికి రావడమే ఎమాన్సిపేషన్. మనకు పాణిగ్రహణం అంటే ఆ చేపట్టే. ఇళ్లలో ‘ఒక అయ్య చేతిలో పెట్టాలి’ అంటాం. మా అమ్మమ్మ ఆ మాట అంటూ ఒక అరచేతిలో రెండో చెయ్యి బోర్లించేది, తాంబూలం అందించినట్టు. ఆమెను 13వ ఏట అలాగే పెట్టారు. అప్పటికే బాల్య వివాహాలను అడ్డుకునే 1929 శారదా చట్టం పెళ్లికి ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలంటోంది.

పోనీ ‘చెయ్యి విడవడం’ అందామా? తెలుగులో అది దిక్కులేకుండా వదిలేయడం. నా బాధంతా అక్కడే. ఆడపిల్ల ఎవరి చేతిలోనూ లేదంటే మనకు అనాథే కనబడుతుంది. రజస్వల కాగానే ‘పెద్దమనిషి అయింది’ అంటాం, ఆ పెద్దమనిషి మాట మాత్రం పెళ్లి చూపుల్లో ఎవరూ అడగరు.

నెల్లూరు నుంచి:
దస్తావేజుల్లో ‘మైనారిటీ తీరి’ అని రాస్తాం. ‘ముందుగా మైనారిటీ తీర్చడం’ అంటే సరిపోతుంది. ఇంకొకటి, మాస్టారూ. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని, మేజరయ్యాక రెండేళ్లలోపు ఆ పిల్లే కోర్టును అడగవచ్చు. అదీ పుస్తకంలో ఉండాలి.

చీమకుర్తి:
ఉంటుంది. రేపు బోర్డు మీద ‘పెళ్లితో మైనారిటీ తీరదు’ అని రాసి, కింద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 వేస్తాను.