చెన్నైలో కంద అడిగితే ఏ దుంప ఇస్తారు?

ప్రశ్న – వేళచ్చేరి వంటిల్లు
కంద బచ్చలి కూరకి దుంప కొనాలండీ. కొట్లో సేనై అని ఒకటి, కరుణై అని ఒకటి, వళ్ళి అని ఇంకోటి చూపిస్తున్నారు. చీటీ మీద మూడింటికీ యామ్ అనే రాసుంది. మన కంద ఏది? దురద లేకుండా ఎలా వండాలి? మిగిలిన ముక్క కుండీలో పెడితే మొలుస్తుందా?

జవాబు – దుంపకూరలు
మీకు కావలసింది సేనైక్కిళంగు. ఏనుగు పాదంలా బల్లపరుపుగా, పైన గుంటతో, మట్టిరంగు తొక్కతో ఉంటుంది. పిడికెడంత ఉన్నవి పిడికరుణై, అది వేరే దుంప, దురద ఇంకా ఎక్కువ. ఉత్త ‘కరుణై’ అంటే కొన్నిచోట్ల పెద్దదే ఇస్తారు, అందుకని పేరు కన్నా ఆకారం చూసి కొనండి.

వళ్ళి అంటే తీగ. రాసవళ్ళి మన పెండలమే, లోపల ఊదారంగు. సర్కరవళ్ళి చిలగడదుంప. మరవళ్ళి మన కర్రపెండలం: తమిళులు వళ్ళికి ‘మరం’ (చెట్టు, కర్ర) తగిలిస్తే మనం పెండలానికి ‘కర్ర’ తగిలించాం, ఎంత చక్కటి పోలికో చూడండి. అసలైన యామ్ ఈ పెండలం జాతే, డయోస్కోరియా. కందది చేమ కుటుంబం. అమెరికాలో చిలగడదుంపనీ యామ్ అంటారు కాబట్టి అక్కడి వంట చూసి పెండలం కొంటే ఆ తీపి రాదు.

జవాబు – ఆవపెట్టిన కూర
దురదకి కారణం దుంపలో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. సూదుల్లా ఉండి చర్మానికీ గొంతుకీ గుచ్చుకుంటాయి. చేతులకి నూనె రాసుకుని, దుంప కడగకుండా పొడిగా ఉండగానే చెక్కు తీసి, ముక్కలు కోశాక కడగండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం గానీ, ఆ కత్తిపీటని కడక్కుండా వేరే కూర తరక్కండి.

అరకిలో ముక్కల్ని పల్చటి చింతపండు నీళ్ళలో పావుగంట ఉంచి వంపేయండి. తర్వాత మంచినీళ్ళు పోసి, పసుపు, తరిగిన బచ్చలి వేసి, వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: నిమ్మకాయంత చింతపండు రసం మొదట్లోనే పోస్తారు. పులుపులో ముక్క గట్టిపడిపోయి ఎంతసేపటికీ మెత్తబడదు, సగం ఉడికిన కంద గొంతు పట్టుకుంటుంది. మెదిపాకే రసం, ఉప్పు వేసి ఓ ఉడుకు రానివ్వండి. పోపు పెట్టి, దించి, వేడి తగ్గాక చెంచాడు ఆవముద్ద కలపండి. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది.

జవాబు – మేడమీద మడి
మొలకెత్తేది పైన గుంటలో ఉన్న మొగ్గ నుంచి. కోసి అమ్మే పక్కముక్కకి అది ఉండదు, మట్టిలో కుళ్ళిపోతుంది. కొట్టువాణ్ణి ‘పైభాగం’ అని అడిగి, మొగ్గతో అరకిలో ముక్క తీసుకోండి. కోతని పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టండి. అడుగున్నర లోతు సంచికి ఒక్కటే, మొగ్గ పైకుండేలా, ఎండాకాలం చివర్లో పెట్టండి. కొత్తగా తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది, మొలవలేదని తవ్వి చూడకండి. ఈశాన్య రుతుపవనాల్లో సంచిలో నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది, కింద చిల్లులు మూసుకుపోకుండా చూసుకోండి. గొడుగులాంటి ఆకు పసుపెక్కి కాడ వాలిపోతే మొక్క చచ్చిందని పారేయకండి, అప్పుడే తవ్వాలి.