ఇటాలియన్‌లో బస్సు, రైలు పేర్లు ఆర్టికల్‌తో కలిపే నేర్చుకోవాలా? ముందు పదం ఒక్కటే వస్తే చాలదా?

నల్లగొండ కుర్రాడు

మాస్టర్స్ కోసం ఇటలీలోని బొలోన్యా వెళ్తున్నాను. ఆన్‌లైన్‌లో ఏ1 (మొదటి స్థాయి) ఇటాలియన్ క్లాసులు నడుస్తున్నాయి, ఇప్పుడు రవాణా పాఠం. ప్రతి పేరుకీ ముందు ఆర్టికల్ (ఇంగ్లీషులో "ద" లాంటిది) పెట్టి రాయాల్సిందే అంటున్నారు: ఇల్ త్రేనో (రైలు), లా మాక్కినా (కారు), లౌతోబుస్ (ల్ + ఔతోబుస్, బస్సు), లో స్కూతెర్, లా బీచి (సైకిల్).

నా వాదన ఇది. "రైల్లో వెళ్తాను" అనాలంటే ఇటాలియన్‌లో "వాదో ఇన్ త్రేనో" అంటారు. ఇన్ మాక్కినా, ఇన్ ఔతోబుస్, ఇన్ బీచి, నడిచి వెళ్తే ఆ పియేది. వీటిలో ఎక్కడా ఆర్టికల్ లేదు. మనకు రోజూ కావాల్సిన మాటలు ఇవే. మరి మొదట్లోనే ఇల్, లో, లా అని టెన్షన్ పడటం దేనికి? ఆర్టికల్ తప్పు చెప్పినంత మాత్రాన టికెట్ ఇవ్వకుండా పోరు కదా. ముందు పదాలు వస్తే గ్రామర్ తర్వాత అదే వస్తుంది. కాదంటే కారణం చెప్పండి, "రూల్ కాబట్టి" అని మాత్రం అనొద్దు.

పాదోవా అక్క

తమ్ముడూ, కారణమే చెప్తాను. ఆర్టికల్‌ని నువ్వు పదం ముందు అతికించే అదనపు ముక్క అనుకుంటున్నావు. ఆ పదం పుంలింగమో స్త్రీలింగమో తెలిసేది దానివల్లే. చివర ఓ ఉంటే పుంలింగం, ఆ ఉంటే స్త్రీలింగం అని క్లాసులో చెప్పి ఉంటారు. వాహనాల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. లా మోతో (మోటార్ సైకిల్), లా మెత్రో (మెట్రో రైలు), లౌతో (కారు) మూడింటికీ చివర ఓ ఉంది, మూడూ స్త్రీలింగాలే. ఎందుకంటే అవి మోతోచిక్లెత్తా, మెత్రోపొలితానా, ఔతోమోబిలె అనే పొడుగు మాటలకు పొట్టి రూపాలు. పొడుగు మాట లింగమే పొట్టిదానికీ ఉంటుంది.

ఉత్త "మెత్రో" అని నేర్చుకుని నోటికొచ్చినట్టు ఇల్ మెత్రో అన్నావనుకో, అది మెట్రో రైలు కాదు, మీటరు. కొలిచే టేపును కూడా అలాగే అంటారు.

లింగం తెలియకపోతే క్రియ కూడా తప్పుతుంది. రైలు వచ్చిందంటే "ఇల్ త్రేనో ఏ అర్రివాతో". మెట్రో వచ్చిందంటే "లా మెత్రో ఏ అర్రివాతా". కాబట్టి ఆర్టికల్‌ని వాయిదా వేస్తే వాక్యాన్నే వాయిదా వేసినట్టు.

కృష్ణాతీరం

అక్కా, మీరు చెప్పింది కరెక్టే, కానీ కొత్తగా దిగిన మనిషికి మొదట కావాల్సింది అది కాదు. మిలానోలో ఉద్యోగం చేస్తున్నాను, కొత్తగా వచ్చే మనవాళ్లకు స్టేషన్‌కు వెళ్లి సాయం చేస్తుంటాను. వాళ్లు ఇబ్బంది పడేది మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు. అనౌన్స్‌మెంట్‌లో "ఇన్ అర్రీవో ఆల్ బినారియో క్వాత్రో" అంటారు, నాలుగో ప్లాట్‌ఫామ్‌కు వస్తోందని. బయల్దేరేదైతే "దాల్ బినారియో". ఇల్ బినారియో అని బట్టీ పట్టిన వాళ్ల చెవికి అక్కడ ఇల్ అన్నదే వినపడదు, "ఆ" (కు), "దా" (నుంచి) అనే మాటల్లో కలిసిపోయి ఆల్, దాల్ అయి ఉంటుంది.

అందుకే ముందు అంకెలు, బినారియో, ఫెర్మాతా (స్టాప్), రితార్దో (ఆలస్యం), షోపెరో (సమ్మె) నేర్పండి అంటాను. షోపెరో మాట తెలియకుండా ఇటలీలో ప్రయాణం చేయకూడదు. సమ్మె ఉన్నా పనిదినాల్లో ప్రాంతీయ రైళ్లకు పొద్దున 6 నుంచి 9 వరకు, సాయంత్రం 18 నుంచి 21 వరకు తప్పనిసరిగా నడపాల్సిన సర్వీసులు ఉంటాయి. అవి ఎక్కడ చూసుకోవాలో తెలియడం ముఖ్యం. కాగితం మీద ఇచ్చే ప్రాంతీయ రైలు టికెట్‌ను ఎక్కే ముందే మెషిన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. షోపెరోకు లో వస్తుందా ఇల్ వస్తుందా అన్నది ఆ తర్వాతి సంగతి.

ట్యూషన్ మాస్టారు

నేను తెలుగు పిల్లలకు ఇటాలియన్ చెప్తాను, నా అనుభవం రాస్తాను. మనకు ఈ విషయం ఎందుకు కష్టమో ముందు చూడాలి. రైలు వచ్చింది, బస్సు వచ్చింది, పడవ వచ్చింది. వస్తువులన్నీ మనకు ఒకటే జాతి, ఆర్టికల్ అసలే లేదు. హిందీ వచ్చిన హైదరాబాద్ పిల్లలు లింగం అనగానే బెదరరు, కానీ వాళ్లకు ఇంకో చిక్కు. హిందీలో ట్రైన్ స్త్రీలింగం, ఇటాలియన్‌లో పుంలింగం. ఆ అలవాటుతో లా త్రేనో అనేస్తారు.

ఆర్టికల్‌తోనే నేర్చుకోవాలన్నది నా మాట కూడా. కానీ అక్కగారి పద్ధతిలో ఒక లోటు ఉంది. అచ్చుతో మొదలయ్యే పదాలన్నిటికీ ఏకవచనంలో ఒకే "ల్". లౌతో స్త్రీలింగం, లౌతోబుస్ పుంలింగం, లయేరెయో (విమానం) పుంలింగం. అంటే ఎక్కడ సందేహం ఎక్కువో అక్కడే ఆర్టికల్ నోరు విప్పదు. "ఒక" అనే ఆర్టికల్ పెట్టినా రాతలో అపాస్ట్రఫీ తేడా కనపడుతుంది గానీ చెవికి తేలదు. అందుకని నేను రంగు జోడిస్తాను: లౌతో రోస్సా, లౌతోబుస్ రోస్సో. రెండూ ఎర్రవే, చివరి అచ్చులో లింగం తెలిసిపోతుంది.

అసలు ఔతోమోబిలె లింగం మీద ఇటలీ వాళ్లే కొంతకాలం కొట్టుకున్నారు. పుంలింగమని కొందరు, స్త్రీలింగమని కొందరు. 1920లో కవి గబ్రియేలె దన్నూన్సియో, ఫియట్ అధినేత జొవన్ని అన్యెల్లికి ఉత్తరం రాసి అది స్త్రీలింగమేనని తేల్చి చెప్పాడు. చివరికి నిలిచింది అదే. వాళ్లే అంత ఆలోచించిన చోట మన పిల్లలు తడబడితే తప్పేముంది?

నల్లగొండ కుర్రాడు

మాస్టారూ, రంగు ఉపాయం బాగుంది, రాసుకున్నాను. కానీ నా అసలు పాయింట్‌కు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇన్ త్రేనో అనేటప్పుడు ఆర్టికల్ లేదు కదా? లేనిదాన్ని పదంతో కలిపి నేర్చుకుంటే ఇన్ ఇల్ త్రేనో అని రాదా? మా క్లాసులో సగం మంది అలాగే అంటున్నారు.

పాదోవా అక్క

ఇది న్యాయమైన ప్రశ్న. ఇన్ త్రేనో అంటే ఏ రైలో చెప్పకుండా ఊరికే రైలు ప్రయాణం అని. ఫలానా రైలు అనగానే ఆర్టికల్ వచ్చి తీరుతుంది: కొన్ ఇల్ త్రేనో దెల్లె ఒత్తో, ఎనిమిది గంటల రైల్లో. ఎక్కడం, అందుకోవడం, తప్పిపోవడం చెప్పినా అంతే: ప్రెందో ఇల్ త్రేనో, పెర్దో ఇల్ త్రేనో. కాబట్టి ప్రతి వాహనానికీ రెండు ముక్కలు జంటగా నేర్చుకో. ప్రెందో లౌతోబుస్, వాదో ఇన్ ఔతోబుస్. అప్పుడు ఇన్ ఇల్ అని రాదు.

పేర్లు కూడా అంతే. కార్ల పేర్లు స్త్రీలింగం, అందుకే ఫియట్ కారు లా పాందా, జంతువు ఇల్ పాందా. ఫ్రెచ్చా (బాణం), రోస్సా (ఎర్రని) రెండూ స్త్రీలింగ మాటలైనా ఆ హైస్పీడ్ రైలును ఇల్ ఫ్రెచ్చరోస్సా అంటారు, త్రేనో పుంలింగం కాబట్టి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఔతోబుస్, త్రామ్, తాక్సి, మోతో, బీచి, ఔతో, స్కూతెర్. ఇవేవీ బహువచనంలో మారవు. ఒకటా నాలుగా అన్నది ఆర్టికల్ ఒక్కటే చెప్తుంది: ఒకటైతే "ఇల్ త్రామ్", ఎక్కువైతే "ఈ త్రామ్". లా మోతో, లె మోతో. లౌతోబుస్ బహువచనంలో ల్యీ ఔతోబుస్. ఆర్టికల్ తీసేసి "త్రామ్" అంటే ఎన్నో చెప్పనట్టే.

కృష్ణాతీరం

బహువచనం సంగతి ఒప్పుకుంటాను అక్కా, అది నేను ఆలోచించలేదు. అయినా మొదటి వారం మాత్రం చెవికే ఇవ్వాలి. స్టేషన్ అనౌన్స్‌మెంట్ల రికార్డింగులు నెట్‌లో దొరుకుతాయి, క్లాసులో వాటితో మొదలుపెట్టి ఆల్, దాల్ లోపల దాక్కున్న ఆర్టికల్‌ని అక్కడే చూపిస్తే సరిపోతుంది కదా?

నల్లగొండ కుర్రాడు

బహువచనం వాదన నన్నూ ఆపేసింది. మిగతా వాటికి జంట ముక్కల పద్ధతి ప్రయత్నిస్తాను. మారని పదాలకు మాత్రం ఈ రోజు నుంచే ఏకవచనం, బహువచనం రెండు ఆర్టికల్సూ రాసుకుంటాను. మాస్టారూ, నావె (ఓడ), స్తత్సియోనె (స్టేషన్) లాంటి ఎ చివర వచ్చే మాటలకూ మీ రంగు ఉపాయమే వాడమంటారా?

ట్యూషన్ మాస్టారు

వాడు బాబూ, వాటికి ఇంకా బాగా పనికొస్తుంది. లా నావె బియాంకా, తెల్ల ఓడ. బహువచనం లె నావి బియాంకె. ఇవి రెండూ గట్టిగా చదువు.