సమస్య: ‘జలము నేసె నొకఁడు జనులు మెచ్చ’

నిర్వాహకుడు, అనంతపురం:
ఈ వారం సమస్యగా ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం. పై మూడు పాదాలు కూర్చి దానికి అర్థం కుదర్చడమే పూరణ. నీటిని నేయడం అసంభవం కనుక ఆ అసంభవాన్ని పూరణే పరిహరించాలి. జలతారును, అంటే జరీ పోగులతో నేసిన వస్త్రాన్ని, వస్తువుగా తీసుకోవాలి.

కర్నూలు సభ్యుని పూరణ:
ధర్మవరపు పట్టు తళుకుచీరల మీఁద
పెన్న కెరటములను పైట దిద్ది
జలము గలది గాన జలతారు పేరని
జలము నేసె నొకఁడు జనులు మెచ్చ

నిర్వాహకుడు:
అన్నా, కొంగుపై కెరటాలు దిద్దించి సమస్యను విడదీసిన తీరు సహజంగా ఉన్నది. అయితే రెండవ పాదంలో ‘పె’కు ‘పై’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరవలసిన మైత్రి) చెల్లదు, ఐకారం అకారపు జట్టులోనిది, ఎకారపు జట్టులోనిది కాదు. ‘వేడ్క దిద్ది’ అంటే సరిపోతుంది. (ధర్మవరం పక్కన పారేది పెన్న కాదు, పెన్నలో కలిసే చిత్రావతి, కవికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉన్నదనుకుందాం.)

అసలు చిక్కు మూడవ పాదంలో ఉన్నది. జలతారు అన్యదేశ్యం, అంటే పరభాష నుంచి వచ్చిన మాట, అందులోని ‘జల’ సంస్కృత జలం కాదు. పారసీలో ‘జర్’ అంటే బంగారం, ‘తార్’ అంటే పోగు. మరాఠీవారు నేటికీ ‘జరతారీ’ అనే అంటుండగా మన నోట మాత్రం ఆ రేఫ (‘ర’) లకారమైనది. జరీ అన్న మాటా ఆ ‘జర్’ నుంచి పుట్టినదే. ఎరుగని మాట ఎరిగిన ‘జలం’ వైపు ఒరిగిందని నాకు తోస్తున్నది. మేలిరకం జరీ పోగును గోటితో గీకి చూస్తే, బంగారు పూత కింద వెండి తీగ, ఆ తీగ చుట్టుకొని ఉన్న ఎర్రని పట్టుదారం బయటపడతాయి. తడి ఎక్కడా లేదు.

జమ్మలమడుగు సభ్యురాలి పూరణ:
పసిఁడి జరయె, పోగు పారసీకపు తారు,
జరయె జలగ మారె జగతి నోట;
నీరు లేని యట్టి నిగ్గుల బంగారు
జలము నేసె నొకఁడు జనులు మెచ్చ

నిర్వాహకుడు:
అమ్మా, వ్యుత్పత్తినే, అంటే మాట పుట్టుకనే, పూరణగా మలిచి, ‘బంగారు’ను మూడవ పాదం చివర నిలిపి సమస్యలోని ‘జలము’తో అతికించడం నాకు బాగా నచ్చినది. ‘జలగ మారె’ అన్నచోట మాత్రం చెరువులోని జలగ పైకి తేలుతున్నది. ‘జరయె జలముగాఁగ’ అని మార్చితే గణాలూ యతీ చెడవు.

కర్నూలు సభ్యుడు:
యతినీ వ్యుత్పత్తినీ సవరించుకొని, పెన్నను వదలలేక అక్కడే ఉంచి, నడిమి పాదాలు మళ్లీ పంపుతున్నాను:
పెన్న కెరటములను వేడ్క దిద్ది
జరయు గలది గాన జలతారు పేరని